వేరే నక్షత్రాల గ్రహాల మీద క్లాసు: బ్రోషర్‌ని నమ్మకండి, మాస్టారిని నమ్మండి

ముందే చెప్పేస్తున్నా, బ్రోషర్ చూసి మాత్రం ఈ కోర్సులో చేరకండి. "మరో భూమిని మీ కళ్లతో చూడండి" అని ఇంతింత అక్షరాలతో వేసి, కింద నీలం సముద్రాలు, తెల్లటి మబ్బులు ఉన్న గ్రహం బొమ్మ పెట్టారు. అలాంటి ఫోటో ఈ రోజుకి నాసా దగ్గర కూడా లేదు. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే రాతి గ్రహాన్ని నేరుగా ఫోటో తీసినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు, మనం చూసేవన్నీ ఎవరో కంప్యూటర్లో గీసిన బొమ్మలే. ఈ సంగతి మొదటి క్లాసు మొదలైన కాసేపటికే పాఠం చెప్పే మాస్టారే బయటపెట్టేశారు. వాళ్ల సొంత బ్రోషర్‌ని స్క్రీన్ మీద వేసి మరీ, "ఇది వేసినవాళ్లు నన్నడగలేదమ్మా" అన్నారు. అక్కడే ఆయన నాకు నచ్చేశారు.

సంగతేంటంటే, విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక చిన్న సంస్థ వేసవిలో శని, ఆదివారాల సాయంత్రాలు ఈ క్లాసులు పెట్టింది. పేరు రాయట్లేదు, కొన్ని తిట్లు కూడా రాయబోతున్నాను కాబట్టి ఆ గొడవ నాకెందుకు. విషయం ఒక్కటే: మనకి దగ్గర్లో ఉన్న నక్షత్రాల చుట్టూ భూమిలాంటి రాతి గ్రహాలు ఉన్నాయని ఎలా కనిపెడతారు, వాటికి గాలి ఉందో లేదో ఇక్కడ కూర్చుని ఎలా తెలుసుకుంటారు. ఫీజు 2,500. భీమిలి దాటి ఒక రాత్రి తీసుకెళ్లి టెలిస్కోప్ చూపించడం కూడా అందులోనే అన్నారు, తర్వాత బస్సుకి వేరే అన్నారు, దాని సంగతి కిందకి వస్తుంది. మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, దానికి ఇలాంటివంటే పిచ్చి, "మావయ్యా, నువ్వు కూడా రా, ఒక్కదాన్నీ బోరు" అంటే నేనూ చేరాను. సైన్స్ వదిలేసి చాలా ఏళ్లయిన నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పారా అంటే, చెప్పారు, అందుకే ఇంత పెద్ద రివ్యూ.

చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకాయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, అందరూ మాస్టారు అనే పిలుస్తున్నారు. ఇంకొకావిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సరదాకి ఈ డేటా పని నేర్చుకున్న మేడం. పాఠం పూర్తిగా తెలుగులోనే, అవసరమైన చోట ఇంగ్లీష్ మాటలు, ఆ పాళ్లు బాగా కుదిరాయి. స్లైడ్లు మాత్రం అన్నీ ఇంగ్లీషే, అదీ ఎక్కడినుంచో తెచ్చి అతికించినవి, వెనక కుర్చీల్లోంచి ఒక్క అక్షరం కనపడదు. ఏసీ ఉంది, చల్లదనం కంటే చప్పుడు ఎక్కువ. కుర్చీలు ఫంక్షన్ హాల్ ప్లాస్టిక్ కుర్చీలు. టీ బాగుంది.

మొదట్లో చరిత్ర. 1995లో మేయర్, క్వెలోజ్ అనే ఇద్దరు స్విస్ శాస్త్రవేత్తలు 51 పెగాసి అనే నక్షత్రం అటూ ఇటూ కొద్దిగా ఊగుతోందని గమనించి, దాని చుట్టూ గురుడిలాంటి పెద్ద గ్రహం ఉందని తేల్చడం, దానికి 2019లో నోబెల్ రావడం, ఇప్పుడు ఇలా వేరే నక్షత్రాల చుట్టూ దొరికిన గ్రహాల లెక్క ఆరువేలు దాటడం. ఇదంతా నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. విశాఖపట్నంలో కూర్చుని ఈ పాఠం చెబుతూ డాబాగార్డెన్స్ ఊసే ఎత్తలేదు. గోడె వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో అక్కడే ఆకాశాన్ని గమనించే వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబర్‌లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఈ ఊళ్లోంచే గమనించారు. ఈ కోర్సంతా నిలబడింది ఆ దాటడం మీదే కదా! నక్షత్రం ముందు నుంచి గ్రహం వెళ్తే వెలుగు కాస్త తగ్గుతుంది, అదే కొలుస్తారు. శుక్రుడు దాటినప్పుడు సూర్యుడి వెలుగు తగ్గేది వెయ్యిలో ఒక వంతు. పైగా శుక్రుడు అంచు మీదకి వచ్చినప్పుడు వాడి చుట్టూ సన్నటి వెలుగు రేఖ కనిపిస్తుంది, అది వాడి గాలిలోంచి వంగి వచ్చిన సూర్యకాంతి. ఇవాళ అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో చేసే పనికి మూలం అదే, అది మన ఊళ్లో మనవాళ్లు చూసిన సంఘటన. టీ బ్రేక్‌లో మాస్టారితో ఇది అంటే, "అవునండీ, పెట్టాల్సింది, వచ్చే బ్యాచ్‌కి పెడతాను" అన్నారు. పెడతారో లేదో మీరు చేరితే చూసి చెప్పండి.

రెండో వారం నుంచి అసలు కథ. మేడం అందరిచేత లాప్‌టాప్‌లు తెరిపించి, టెస్ అనే నాసా ఉపగ్రహం 2018 నుంచి పంపుతున్న డేటా దించుకోమన్నారు. అది ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ తీసుకున్న నక్షత్రం ఎల్‌హెచ్‌ఎస్ 3844, దూరం దాదాపు 49 కాంతి సంవత్సరాలు (వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం ఒక కాంతి సంవత్సరం), సూర్యుడి వెడల్పులో ఐదో వంతు కూడా లేని ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్న, చల్లటి నక్షత్రం. దాని చుట్టూ భూమికంటే కాస్త పెద్ద రాతి గ్రహం పదకొండు గంటలకోసారి తిరిగేస్తోంది, అక్కడ ఏడాది అంటే మన సగం రోజు కూడా కాదు. ఈ నక్షత్రాన్నే ఎందుకు తీసుకున్నారో వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. దూరం నుంచి ఎవరైనా మన సూర్యుణ్ణి చూస్తుంటే, భూమి అడ్డం వచ్చినప్పుడు తగ్గే వెలుగు పది లక్షల్లో 84 భాగాలు మాత్రమే, అదీ ఏడాదికి ఒక్కసారి, ఓ పదమూడు గంటలసేపు. అదే నక్షత్రం చిన్నదైతే ఇంచుమించు అంతే గ్రహం అడ్డొచ్చినా తగ్గుదల పది లక్షల్లో నాలుగువేల దాకా వస్తుంది, పైగా రోజుకి రెండుసార్లు. దగ్గర్లోని ఎర్ర మరుగుజ్జుల వెనక శాస్త్రవేత్తలంతా ఎందుకు పడ్డారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మన చుట్టుపక్కల నక్షత్రాల్లో నాలుగింట మూడొంతులు అవే కావడం ఇంకో కారణం.

డేటా తెరిస్తే మొదట ఏమీ కనపడలేదు, చుక్కలు చుక్కలుగా ఒక గీత. ఉపగ్రహం వణుకు, నక్షత్రం సొంత మచ్చలు, అన్నీ అందులోనే ఉంటాయట. తర్వాత మేడం చెప్పినట్టు ఆ గీతని పదకొండు గంటల ముక్కలుగా కత్తిరించి ఒకదాని మీద ఒకటి పేర్చగానే, మధ్యలో చక్కగా ఒక గుంట పడింది. నెల రోజుల లోపు డేటాలోనే యాభైకి పైగా సార్లు దాటింది కాబట్టి అంత స్పష్టంగా వచ్చింది. మా మేనకోడలు సంగతి సరే, ముందు వరుసలో గాజువాక నుంచి వచ్చే ఒక పెద్దాయన, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారట, "ఏటండీ ఇది, నిజంగా గ్రహమేనా?" అని మూడు సార్లు అడిగి, మళ్లీ చేయించుకున్నారు. గ్రహం పదకొండు గంటలకి తిరుగుతుందని ముందే తెలియకపోతే ఆ అంకె ఎలా పట్టుకుంటారన్నది కూడా చేసి చూపించారు, వేర్వేరు వ్యవధులతో పేర్చి చూస్తూ పోతే ఒకచోట గుంట గట్టిపడుతుంది. మొత్తం కోర్సులో ఈ రెండు సాయంత్రాలకే సగం ఫీజు గిట్టుబాటు.

ఇంకో పద్ధతి, గ్రహం లాగుడికి నక్షత్రం ఊగడం, దాన్ని కాస్త తొందరగా దాటేశారు. అన్ని గ్రహాలూ మన వైపు నుంచి చూస్తే నక్షత్రం ముందుకి రావు, రానివాటికి ఇదే దిక్కు. మనకి అతి దగ్గర నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాలు, దాని గ్రహాన్ని 2016లో ఇలాగే పట్టారు. బార్నార్డ్ నక్షత్రం ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దానికి భూమికంటే తేలికైన గ్రహం ఉందని 2024లో చెప్పారు, 2025కి ఆ లెక్క నాలుగైంది. భూమి లాగుడికి మన సూర్యుడు ఊగే వేగం సెకనుకి తొమ్మిది సెంటీమీటర్లే, అంత సన్నటి కదలికని కొలవడం ఇంకా ఎవరికీ సరిగ్గా కుదరలేదు. మన దేశంలో మౌంట్ అబూ మీద అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు పరస్ అనే పరికరంతో ఈ పని చేస్తున్నారని, కొత్త గ్రహాలు కూడా కనిపెట్టారని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఎల్‌హెచ్‌ఎస్ 3844 మీద పెట్టిన సమయంలో పావు వంతు దీనికి పెట్టినా బాగుండేది, హాల్లో ఉన్న ఇంటర్ పిల్లలకి రేపు చేరదగిన చోటు కదా అది.

గాలి సంగతి మూడో వారం. ఇది వినడానికే వెళ్లండి అంటాను.

రెండు దారులున్నాయి. మొదటిది గ్రహం ముందు నుంచి దాటేటప్పుడు, దాని అంచు చుట్టూ ఉన్న గాలి పొరలోంచి నక్షత్రం వెలుగు కొంచెం జారి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఒక రంగుని మింగుతుంది, నీటి ఆవిరి ఇంకో రంగుని, మీథేన్ ఇంకోదాన్ని. ఏ రంగులో గ్రహం కాస్త పెద్దగా కనిపించిందో చూస్తే ఏ వాయువు ఉందో తెలుస్తుంది. 2002లో అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోప్‌తో ఒక పెద్ద గ్రహం గాలిలో సోడియం ఇలాగే పట్టారు. చెప్పడానికి సులువే గాని, రాతి గ్రహం గాలి పొర ఎంత పలచన అంటే, తేడా పది లక్షల్లో కొన్ని పదుల భాగాలు. రెండో దారి గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు. వెళ్లకముందు వచ్చే వేడి ఇద్దరిదీ, వెళ్లాక వచ్చేది నక్షత్రానిది ఒక్కదానిదే, తీసేస్తే మిగిలింది గ్రహం పగటి వైపు వేడి. దీన్ని మాస్టారు మే నెల మధ్యాహ్నంతో చెప్పారు. విజయవాడలో మాడిపోతుంటే ఇక్కడ బీచ్ రోడ్డులో ఎలాగోలా నిలబడగలం, సముద్రం మీద గాలి వచ్చి వేడిని పంచుకుపోతుంది కాబట్టి. ఈ గ్రహాలకి ఒకవైపే ఎప్పుడూ పగలు, రెండో వైపు ఎప్పుడూ రాత్రి. గాలి ఉంటే పగటి వేడి కొంత రాత్రి వైపుకి పోతుంది, పగటి వైపు కొలత తగ్గుతుంది. లేకపోతే రాయి ఉన్న చోటే కాలుతూ ఉంటుంది. మేము గుంట చూసిన ఆ ఎల్‌హెచ్‌ఎస్ 3844బి ఉందే (చివర బి అంటే నక్షత్రం కాదు, దాని గ్రహం), దాన్ని 2019లో స్పిట్జర్ టెలిస్కోప్ కొలిస్తే పగటి వైపు 770 డిగ్రీల సెల్సియస్ దరిదాపు, రాత్రి వైపు నుంచి పట్టదగినంత వేడే లేదు. అంటే చెప్పుకోదగిన గాలి లేని ఉత్త రాయి. మన లాప్‌టాప్‌లో మనమే పట్టిన గ్రహం గురించి ఇది వింటుంటే ఆ అంకె వేరేలా అనిపిస్తుంది, ఆ వరుసలో పాఠాలు పేర్చింది ఎవరో గాని వాళ్లకి దండం.

తర్వాత ట్రాపిస్ట్-1. కుంభరాశి వైపు, సుమారు 40 కాంతి సంవత్సరాలు, గురుడికంటే కాస్త మాత్రమే పెద్దదైన నక్షత్రం చుట్టూ ఏడు రాతి గ్రహాలు, 2017లో ప్రకటించినప్పుడు పేపర్లన్నీ మోతెక్కిపోయాయి. ఏడూ కలిపి మన బుధుడి కక్ష్య లోపల పట్టేస్తాయి. జేమ్స్ వెబ్ 2023లో అన్నిటికంటే లోపలి గ్రహం పగటి వేడి కొలిస్తే 230 డిగ్రీలు వచ్చింది, గాలి లేని రాయికి రావాల్సినంత. రెండోది 110 డిగ్రీల దరిదాపు, శుక్రుడిలాంటి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ గాలి ఉంటే కొలతలో అంత వేడి కూడా కనపడకూడదు. మొదటిదాన్ని తర్వాత ఇంకో తరంగదైర్ఘ్యంలో కొలిచినవాళ్లు, ఉత్త రాయే అని అంత ఖాయంగా అనలేం, పొగమంచు పట్టిన గాలి అయినా కావచ్చు అన్నారు. నాలుగోది, ఇ అనే గ్రహం, నీళ్లు నిలిచే వేడి ఉండదగిన దూరంలో ఉన్నది, దాని మొదటి నాలుగు దాటడాల ఫలితాలు 2025లో వచ్చాయి. హైడ్రోజన్ దట్టంగా ఉన్న గాలి కాదని తేలింది, మనలాంటి గాలి ఉందా లేదా అన్నది తేలలేదు.

"మరి ఏం తెలిసినట్టు?" అని వెనక నుంచి ఎవరో చిరాగ్గా అడిగారు. ఇక్కడే ఏ క్లాసుకైనా పరీక్ష. ఉత్సాహపరచడానికి ఏదో ఒకటి అనేయొచ్చు. మాస్టారు అలా చేయలేదు. తేలకపోవడానికి కారణం బోర్డు మీద వేశారు. ఎర్ర మరుగుజ్జుల మీద పెద్ద పెద్ద మచ్చలుంటాయి, ఆ మచ్చలు చల్లగా ఉండి వాటిలోనే నీటి ఆవిరి ఉంటుంది. నీళ్ల జాడ కనిపిస్తే అది గ్రహానిదా నక్షత్రానిదా? 26 కాంతి సంవత్సరాల దూరంలోని జీజే 486బి విషయంలో 2023లో సరిగ్గా ఈ అనుమానమే వచ్చింది. పైగా ఆ నక్షత్రాలు వయసులో ఉన్నప్పుడు ఉవ్వెత్తున మంటలు చిమ్ముతాయి, దగ్గరున్న గ్రహాల గాలిని ఊడ్చేస్తాయి. ఎంత దూరంలో, ఎంత బరువున్న గ్రహం గాలిని నిలబెట్టుకోగలదు అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. అందుకే జేమ్స్ వెబ్ సమయంలో 500 గంటలు విడిగా తీసి రాతి గ్రహాల గాలికే కేటాయించారు. ఇదంతా విన్నాక ఆ అడిగినాయన, "అయితే ఇంకా లేదనీ అనలేదు, ఉందనీ అనలేదు" అన్నారు. అంతేగా మరి.

గాలి ఉన్నట్టు కాస్త గట్టి జాడ దొరికిన రాతి గ్రహం 55 కాంక్రి ఇ. 41 కాంతి సంవత్సరాలు, కర్కాటక రాశి వైపు, పద్దెనిమిది గంటలకో చుట్టు, పైనంతా కరిగిన రాయి ఉండొచ్చనుకునేంత వేడి. కార్బన్ మోనాక్సైడో డయాక్సైడో ఉన్న గాలి ఉందనడానికి ఆధారం 2024లో జేమ్స్ వెబ్ ఇచ్చింది. కింద కుతకుతలాడే రాతిలోంచే ఆ వాయువులు పుడుతూ ఉండొచ్చట. బతకడానికి పనికిరాని చోటే గాలి దొరకడం మాస్టారికి భలే సరదా, రెండుసార్లు చెప్పి రెండుసార్లూ నవ్వారు.

కె2-18బి అనే గ్రహం గురించి ఎవరో ఒకరు అడుగుతారని అనుకుంటూనే ఉన్నాను, అడిగారు. "అక్కడ జీవం దొరికిందట కదండీ, టీవీలో వచ్చింది." దీనికి ఇచ్చిన జవాబు ఏ న్యూస్ చానల్లోనూ నేను వినలేదు. 124 కాంతి సంవత్సరాలు, భూమికి ఎనిమిది రెట్లు పైగా బరువు, అది రాతి గ్రహం అనే ఖాయం లేదు, కాబట్టి మన కోర్సులోది కాదు అన్నది మొదటి మాట. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో నిక్కు మధుసూదన్ గారి బృందం డైమీథైల్ సల్ఫైడ్ జాడ కనిపించింది అన్నారు, భూమ్మీద ఆ వాయువు ప్రధానంగా సముద్రంలోని నాచులాంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, మన ఆర్కే బీచ్‌లో వచ్చే సముద్రపు వాసనలో అదీ ఉంది. కానీ ఆ జాడ బలం శాస్త్రంలో కనిపెట్టాం అని ప్రకటించడానికి కావలసిన గీత దాటలేదు, ఆ బృందమే ఆ మాట చెప్పింది, తర్వాత అదే డేటాని వేరేవాళ్లు చూస్తే అంత నమ్మకంగా ఏమీ దొరకలేదు. మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయన్నది మాత్రం 2023 నుంచీ ఉన్న మాటే. ఇంత స్పష్టంగా, ఎవర్నీ తీసిపారేయకుండా చెప్పడం గొప్ప.

ఒక ఆదివారం ఎవరో అతిథి వచ్చి ఎగిరే పళ్లాలు, గ్రహాంతరవాసులు అని గంటసేపు మాట్లాడారు. దాని గురించి రాయడం కూడా దండగ. ఆ గంటని పరస్‌కో, డాబాగార్డెన్స్‌కో ఇచ్చి ఉంటే సరిపోయేది.

ఇక ఆ రాత్రి ప్రయాణం. బస్సుకి విడిగా 400 తీసుకున్నారు, ఫీజులోనే ఉందని ముందు చెప్పి. అడిగితే "డీజిల్ పెరిగింది సార్" అని సమాధానం. భీమిలి దాటాక ఒక తోటలో పెట్టారు, రోడ్డు దీపాలు లేని చోటే గాని నైరుతి వైపు ఊరి వెలుగు ఆకాశంలో పైదాకా పాకి ఉంది. ఏప్రిల్ నెలాఖరు, గాలిలో తేమ చేత్తో పిండేయొచ్చు. టెలిస్కోప్ మూత తీసిన కాసేపటికే అద్దం మీద మంచు పట్టేసింది, ఒక కుర్రాడు హెయిర్ డ్రయ్యర్‌తో దానికి సేవ చేస్తూ కూర్చున్నాడు. మొదట 55 కాంక్రి చూపించారు. నక్షత్రమే, గ్రహం కాదు, పసుపుపచ్చగా ఒక చుక్క. క్యూలో గంట నిలబడ్డ చిన్నపిల్లలు అది చూసి ఏడుపు ముఖం పెట్టారు, బ్రోషర్లో నీలం గ్రహం చూసి వచ్చినవాళ్లు కదా పాపం. గాజువాక పెద్దాయన మాత్రం, "దాని చుట్టూ రాయి కరిగిపోయి తిరుగుతోందన్నమాట" అని గట్టిగానే అనుకుంటూ ఇంకోసారి లైన్లో నిలబడ్డారు. అర్ధరాత్రి దాటాక దక్షిణాన ఆల్ఫా సెంటారి, మన అక్షాంశం నుంచి అది పదకొండు డిగ్రీల ఎత్తు మించి రాదు, మసకలో పడి అప్పుడప్పుడు మాత్రం కనపడింది. ప్రాక్సిమా దాని పక్కనే గాని మామూలు కంటికి కనపడేది కాదు, ఆ మసకలో టెలిస్కోప్‌కి కూడా దొరకలేదు.

విసుగు ముదురుతున్న ఆ టైములో మేడం మైకు తీసుకుని చెప్పింది చాలా ఉపయోగపడింది. ఎక్కడో ఉన్న గ్రహం గాలిలో నీటి ఆవిరి వెతకాలంటే ఆ వెలుగు ముందు మన గాలిని దాటి రావాలి, మన గాలిలో ఇంత ఆవిరి ఉంటే ఏది మనది, ఏది వాళ్లది? అందుకే మన దేశంలో పెద్ద టెలిస్కోపుల్లో ఒకటి లద్దాఖ్‌లో హాన్లే దగ్గర, 4,500 మీటర్ల ఎత్తున, గాలి పొడిగా ఉన్న చోట పెట్టారు. ఆ గొడవే లేకుండా జేమ్స్ వెబ్‌ని 15 లక్షల కిలోమీటర్ల దూరం పంపించారు, 6.5 మీటర్ల అద్దంతో. కావాలంటే నేల మీదనుంచి కూడా కొంత చేయొచ్చు, చిలీలో 39 మీటర్ల అద్దంతో కడుతున్న టెలిస్కోప్ ఆ ఆశతోనే. ఒంటి మీద చొక్కా తడిసి అతుక్కుపోయి ఉండగా ఈ పాఠం వింటే ఇంక మర్చిపోవడం ఉండదు. కానీ దీనికోసం 400 విడిగా తీసుకోవడం, "గ్రహం చూపిస్తాం" అని తీసుకెళ్లడం మాత్రం ఒప్పుకోను.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఇది: ఆ తోటలో ఆడవాళ్లకి బాత్రూం లేదు. పన్నెండేళ్ల పిల్లల నుంచి అరవై దాటిన పెద్దావిడ దాకా ఉన్నారు, తెల్లవారుజాము దాకా ఎలా ఉంటారనుకున్నారో తెలియదు. పులిహోర, పెరుగన్నం పెట్టారు, రెండూ బాగున్నాయి, దోమల కాయిల్స్ కూడా తెచ్చారు, ఆ జాగ్రత్త ఉన్నవాళ్లకి ఇది తట్టకపోవడం ఏంటో. నిర్వాహకులకి మెసేజ్ పెట్టాను, "నోటెడ్ సార్" అన్నారు.

సర్టిఫికెట్ ఇచ్చారు. మా మేనకోడలి ఇంటిపేరు తప్పు పడింది, మార్చి ఇస్తామన్నారు, ఇంకా రాలేదు.

పాఠాలకి ఐదుకి నాలుగున్నర. ఏర్పాట్లకి రెండు, ఆ రెండులో ఒకటి పులిహోరకి. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని తీసుకెళ్లకండి, గ్రాఫులు చూసి విసిగిపోతారు, వాళ్లకి చంద్రుడు, శని వలయాలు చూపించే కార్యక్రమాలు వేరే ఉంటాయి. ఇంటర్, డిగ్రీ పిల్లలైతే తప్పకుండా. నాలా అంకెలంటే బెదిరేవాళ్లు కూడా వెళ్లొచ్చు, కూడికలు తీసివేతలు మించి ఏమీ అడగరు. లాప్‌టాప్ లేకుండా మాత్రం వెళ్లొద్దు, ఫోన్లో ఆ డేటా తెరుచుకోదు, పక్కవాళ్ల స్క్రీన్లోకి తొంగి చూస్తూ కూర్చుంటే అసలు మజా పోతుంది. ముందు రెండు వరుసల్లో కూర్చోండి, ఏసీ చప్పుడు తక్కువ.

వచ్చే బ్యాచ్ దసరా సెలవుల్లో అంటున్నారు. అక్టోబర్‌లో సాయంత్రం పూట కుంభరాశి బాగా పైకి వస్తుంది, ట్రాపిస్ట్-1 ఎటువైపుందో చేయి చూపించి చెప్పొచ్చు, అంతవరకు బాగానే ఉంది. కానీ అక్టోబర్ అంటే మనకి తుపాన్ల నెల, మబ్బు పట్టిందంటే వారం వదలదు. క్లాసుకి డబ్బు కట్టేయండి. రాత్రి ప్రయాణానికి మాత్రం ముందుగా కట్టకండి, ఆ రోజు ఆకాశం చూసుకుని బస్సు దగ్గర ఇస్తామని చెప్పండి, బాత్రూం సంగతి కూడా అప్పుడే అడిగేయండి.